థ లోపలి చుక్క: తెలుగు పుస్తకాలు చదివి గీతలు గీసుకోవడానికి ఏ పరికరం కొనాలి?

పోయిన ఏడాది వేసవిలో నా ఫోను పూర్తిగా పాడైపోయింది. పుస్తకాలన్నీ మెమరీ కార్డులోనే ఉన్నాయి కాబట్టి పెద్దగా టెన్షన్ పడలేదు. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర కొత్త ఫోను కొన్నాను, కార్డు మార్చాను, పాత ఫోన్లో వాడిన రీడర్ యాప్‌నే మళ్ళీ వేసుకున్నాను. పుస్తకాలన్నీ వచ్చాయి. తెరిచి చూస్తే ఒక్క గీత లేదు. పాత పత్రికల కథల మీద మూడేళ్ళపాటు పసుపు రంగు పూసుకున్నాను. 'ఈ మాట పాలకొండ వైపు ఇంకా అంటారు' లాంటి చిన్న చిన్న నోట్సు పక్కన రాసుకున్నాను. అదంతా పాత ఫోనుతోపాటే పోయింది. ఫైలు నా దగ్గరే ఉంది. గీతలు ఫైల్లో లేవు, యాప్ కడుపులో ఉన్నాయి. ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలీదు.

నేను శ్రీకాకుళంలో తెలుగు టీచర్ని. ఈ ఊళ్లో ఉండి పాత కథలు చదవకుండా ఉండడం కష్టం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న కథానిలయం ఇక్కడే మొదలుపెట్టారు. అక్కడ దాచిన పాత కథలు చాలావరకు స్కాన్ అయి ఇంటర్నెట్లోకి కూడా వచ్చాయి. వాటిని దించుకుని, చదివి, నచ్చిన చోట గుర్తు పెట్టుకుని, క్లాసులో పిల్లలకి వినిపించడం నాకు అలవాటు. అందుకే గీతలు పోయినప్పుడు చాలా బాధపడ్డాను. తర్వాత కూర్చుని, చదవడానికి ఏ పరికరం మంచిది, గీత ఎందులో భద్రంగా ఉంటుంది అని వరసగా చూసుకుంటూ వచ్చాను.

నా ఫోను ఎలాగూ ఉంది. విజయనగరంలో డీఎస్సీకి చదువుతున్న మా మేనకోడలి ట్యాబ్ వారం రోజులు వాడాను. మా వీధిలో రిటైరైన మాస్టారి దగ్గర ఏడంగుళాల కిండిల్ (పుస్తకాలు చదవడానికే చేసిన పరికరం) ఉంది. మా స్కూల్లో సైన్సు చెప్పే ఆయన పెన్నుతో రాసే పది అంగుళాల ఈ-ఇంక్ (కిండిల్లో ఉన్నట్టు కాగితంలా కనిపించే తెర) పలక కొన్నారు, దాన్ని నెలరోజులు నాకు ఇచ్చారు. అన్నిట్లోనూ ఒకే పది కథలు, ఒకే పాఠ్యపుస్తకం, ఒకే ఈపబ్ (తెరకి తగ్గట్టు వరసలు సర్దుకునే పుస్తకం ఫైలు) వేసి చూశాను.

ముందు మీ ఫైళ్ళు ఏ రకమో తేల్చుకోండి

ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాళ్ళ రివ్యూలు చూసి పరికరం కొంటే మనం నష్టపోతాం. వాళ్ళ పీడీఎఫ్‌లో మాట మీద వేలు నొక్కితే మాట పట్టుబడుతుంది. మన పీడీఎఫ్‌లు చాలావరకు అలా ఉండవు.

తెలుగులో మనకి దొరికే ఫైళ్ళు మూడు రకాలు. మొదటిది స్కాను. పాత పత్రికలు, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్లో దొరికే పాత పుస్తకాలు చాలావరకు ఇవే. పేజీ అంటే అక్కడ ఒక ఫోటో మాత్రమే. వేలు ఎంతసేపు నొక్కినా అక్షరం పట్టుబడదు. కాబట్టి 'హైలైట్' అనే మీట ఉన్నా ఇక్కడ పని చేయదు. పెన్నుతోనో వేలితోనో గీత గీయాలి, లేదంటే పెట్టె గీయాలి.

రెండోది యూనికోడ్ (ఏ పరికరమైనా తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే అక్షర సంకేతాల పద్ధతి) కాకుండా పాత రకం ఫాంట్లతో డీటీపీ చేసిన పీడీఎఫ్. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాలు ఇవి. కంటికి చక్కటి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. వేలు నొక్కితే పట్టుబడుతుంది, పసుపు రంగు కూడా పడుతుంది. కానీ ఆ వాక్యాన్ని కాపీ చేసి నోట్సులో పెడితే అర్థం లేని గుర్తులు వస్తాయి. వెతుకుదామంటే ఒక్క మాటా దొరకదు. యూనికోడ్‌లో చేసిన పీడీఎఫ్‌లలో కూడా ఒత్తుల దగ్గర ఈ తేడా తరచుగా వస్తుంది. అందుకని తెలుగు పీడీఎఫ్‌లో వెతుకులాట మీద ఆశ పెట్టుకోకండి. బుక్‌మార్కుల మీద శ్రద్ధ పెట్టండి. దాని గురించి కింద చెప్తాను.

మూడోది యూనికోడ్ ఈపబ్. తెలుగు వికీసోర్స్‌లో ఉన్న పుస్తకాలు ఈపబ్‌గా దించుకోవచ్చు. ఇది దొరికితే పండగే. అక్షరం ఎంత పెద్దది చేసినా వరసలు వాటంతట అవే సర్దుకుంటాయి, హైలైట్ పని చేస్తుంది, మాట వెతికితే దొరుకుతుంది.

ఇప్పుడే మీ ఫోన్లో ఎక్కువగా చదివే పది ఫైళ్ళు తెరిచి, ఒక్కో దాంట్లో ఒక మాట మీద వేలు నొక్కిపట్టి చూడండి. పదింటిలో ఏడు స్కాన్లయితే మీకు కావలసింది పెద్ద తెర. పదింటిలో ఏడు ఈపబ్బులైతే చిన్న తెర చాలు, బోలెడు డబ్బు మిగులుతుంది. ఈ ఒక్క లెక్క చేయకుండా ఎవరూ డబ్బు తీయొద్దు.

చుక్క పరీక్ష

మా మాస్టారు కిండిల్ కొన్న కొత్తలో ఒకరోజు నన్ను పిలిచారు. "ఇదిగో చూడవయ్యా, కథ అని ఉండాలి కదా, కధ అని అచ్చు వేసేశారు" అన్నారు. చూస్తే 1950ల నాటి ఒక పత్రిక స్కాను. మొత్తం పేజీ ఏడంగుళాల తెరలో ఇరుక్కుని ఉంది. పేజీని పెద్దది చేశాను. థ లోపల చుక్క కనిపించింది. అచ్చు తప్పు కాదు, తెరలో ఆ చుక్క ఆనలేదు.

అప్పట్నుంచి నాకు అదే కొలబద్ద. ఏ పరికరమైనా చేతికి రాగానే స్కాన్ పేజీ తెరిచి, పేజీ మొత్తం తెరకి సరిపెట్టి, 'కథ' అన్న మాట వెతుకుతాను. థ లోపలి చుక్క జూమ్ చేయకుండా కనిపిస్తే ఆ తెర నా చదువుకి సరిపోతుంది. కనిపించకపోతే, కొన్నవాళ్ళు ప్రతి పేజీనీ రెండు వేళ్ళతో సాగదీసుకుంటూ చదవాలి. నాలుగు పేజీలకే విసుగొస్తుంది.

దీని వెనక లెక్క తేలిక. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల ఎత్తు. దాన్ని ఆరంగుళాల తెరలో కూరితే దాదాపు నలభై శాతానికి కుదించుకుపోతుంది. 12 పాయింట్ల అక్షరం 5 పాయింట్లకి దిగిపోతుంది. ఇంగ్లీషులో అయితే అది కష్టంగానైనా చదవచ్చు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, లోపల చుక్క. అవన్నీ ఆ 5 పాయింట్లలోనే సర్దుకోవాలి. పది అంగుళాల తెరలో అదే కాగితం డెబ్బై శాతం సైజులో కనిపిస్తుంది, అక్షరం 8 పాయింట్ల పైన నిలుస్తుంది. చుక్క బతుకుతుంది.

1/8 డెమీ పుస్తకాలకి ఇంత బాధ లేదు. పేజీ సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. అందులోనూ చుట్టూ ఖాళీ అంచులు పోతే అచ్చు ఉన్న భాగం ఇంకా చిన్నది. అంచులు కత్తిరించే సదుపాయం వాడితే ఏడంగుళాల తెర మీద కూడా అసలు సైజులో మూడొంతులకి పైగా కనిపిస్తుంది. రీడ్‌ఎరా, కేఓరీడర్ లాంటి యాప్‌లలో ఈ కత్తిరింపు ఉంది. దీన్ని వాడని వాళ్ళు చాలామంది, 'చిన్న తెర పనికిరాదు' అని తేల్చేస్తారు. ముందు అంచులు తీసి చూడండి.

పాత పత్రికల స్కాన్లలో ఇంకో చిక్కు. రెండు పేజీలు కలిపి ఒకే ఫోటోగా తీసినవి చాలా ఉంటాయి. రీడ్‌ఎరాలో ఆ జోడు పేజీని రెండుగా విడదీసి చూపించే పద్ధతి ఉంది. కిండిల్లో అయితే అడ్డంగా తిప్పి, పేజీని సగం సగం చదవాలి.

ఈపబ్ చదివేవాళ్ళకి చుక్క గొడవ లేదు, అక్షరం పెద్దది చేసుకుంటే సరి. వాళ్ళు చూడవలసింది ఒత్తులు. 'రాష్ట్రం', 'జ్యోత్స్న', 'స్త్రీ' అన్న మూడు మాటలున్న పేజీ తెరవండి. ఒత్తులు కిందకి సరిగ్గా చేరాయా, లేక పొల్లులుగా విడిపోయి వరసలో నిలబడ్డాయా చూడండి. విడిపోతే ఆ యాప్‌లోనో పరికరంలోనో తెలుగు సరిగ్గా లేనట్టే. వరసల మధ్య ఖాళీ కూడా కొంచెం పెంచుకోండి. ఇంగ్లీషుకి సరిపోయే ఖాళీలో మన పై వరస ఒత్తు, కింది వరస గుడి ఒకదాన్నొకటి తగులుకుంటాయి. ఫాంటు మార్చుకునే వీలున్న యాప్ అయితే గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి వేసి చూడండి, పేజీల కొద్దీ చదవడానికి బాగుంటుంది. గిడుగు, గురజాడ అనే పేర్లతో కూడా అక్కడే ఫాంట్లు ఉన్నాయి. మన రెండు జిల్లాల పెద్దల పేర్లు అక్షరాల రూపంలో తెర మీద చూసుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

నాలుగు పరికరాలు, నాలుగు స్వభావాలు

ఫోను గురించి తొందరగా చెప్పేస్తాను. ఎప్పుడూ చేతిలో ఉంటుంది, తెలుగు కీబోర్డు ఉంటుంది, నోట్సు నోటితో చెప్పినా టైపు చేస్తుంది. ఈపబ్‌కి ఫోను చాలు. స్కానుకి మాత్రం చాలదు. తెర పొడుగ్గా ఉంటుంది గానీ వెడల్పు ఉండదు. పేజీ వెడల్పే కదా మనకి కావలసింది. ఆమదాలవలస నుంచి రైల్లో వచ్చేటప్పుడు కిటికీ పక్కన ఎండపడే చోట కూర్చుంటే తెర మీద మీ ముఖమే కనిపిస్తుంది, కథ కనిపించదు.

ట్యాబ్ దగ్గర కొంచెం ఆగాలి. మా మేనకోడలి దగ్గర ఉన్నది పది అంగుళాల పైన తెర ఉన్న ఆండ్రాయిడ్ ట్యాబ్, పెట్టెలోనే పెన్ను వచ్చింది. ఆ అమ్మాయి చదివేది ఎక్కువగా రాష్ట్ర పాఠ్యపుస్తకాలు. ఇప్పటి పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉంటాయి కదా. ట్యాబ్‌ని అడ్డంగా తిప్పి రెండు పేజీల పద్ధతి పెట్టుకుంటే రెండు భాషలూ పక్కపక్కన వస్తాయి. మొదట్లో తేడాగా వచ్చేవి. ఈ పాఠం తెలుగు పేజీ పక్కన వేరే పేజీ ఇంగ్లీషు వచ్చి కూర్చునేది. కవర్ పేజీని విడిగా చూపించమనే సెట్టింగు వేశాక జతలు సరిగ్గా కుదిరాయి. అంత చిన్న సెట్టింగు తెలియక నెలరోజులు ఇబ్బంది పడిందట.

ట్యాబ్‌లో రంగులు కూడా పనికొస్తాయి. తేదీలకి పసుపు, నిర్వచనాలకి ఆకుపచ్చ, పరీక్షలో తప్పు పోయిన చోట ఎరుపు. రివిజన్ రోజున ఎర్ర గీతలు మాత్రమే చూసుకుంటూ పోతుంది. ఈ పని నలుపు-తెలుపు ఈ-ఇంక్ తెర మీద కుదరదు, అన్ని రంగులూ బూడిద రంగే అవుతాయి. రంగుల ఈ-ఇంక్ కూడా వచ్చింది. అయితే అందులో రంగు భాగం స్పష్టత నలుపు-తెలుపులో సగం, అంగుళానికి 300కి బదులు 150 చుక్కలు. తెర కూడా కొంచెం మసకగా ఉంటుంది. స్కాన్లు చదివేవాళ్ళకి నేను చెప్పను.

ట్యాబ్‌తో వచ్చే నష్టం అందరికీ తెలిసిందే. చదువుతుండగా పైనుంచి మెసేజ్ జారుతుంది. మా మేనకోడలు చదివే గంటల్లో నెట్ ఆపేస్తుంది. పీడీఎఫ్‌కి నెట్ అక్కర్లేదు కదా.

ఏడంగుళాల ఈ-ఇంక్ మా మాస్టారి లాంటి వాళ్ళకి. ఆయన కంటి ఆపరేషన్ చేయించుకున్నారు, వెలుగుతున్న తెర వైపు ఎక్కువసేపు చూడలేరు. ఈ-ఇంక్ తెర లోపల నలుపు, తెలుపు రేణువులు కరెంటుతో పైకీ కిందకీ కదిలి అక్షరం ఏర్పడుతుంది. పేజీ మారినప్పుడే కరెంటు ఖర్చు. తెర కాగితంలాగే బయటి వెలుతురుతో కనిపిస్తుంది. పొద్దున్న అరుగు మీద ఎండలో కూర్చుని ఆయన హాయిగా చదువుకుంటారు. ఛార్జింగ్ రోజుల తరబడి వస్తుంది. ఇది మన జిల్లాలో చిన్న విషయం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. ఫోన్లు ఛార్జి చేసుకోవడానికి జనం పడిన పాట్లు మనం చూశాం. అలాంటి రోజుల్లో ఫోనులో ఉన్న ఛార్జింగ్ మాట్లాడడానికి దాచుకోవాలి గానీ చదువుకి ఖర్చు పెట్టలేం.

మాస్టారి కిండిల్ మీద పాత స్కాన్లు మొదట బూడిద రంగులో తేలిపోయాయి. పసుపెక్కిన కాగితాన్ని నలుపు-తెలుపు తెర మురికిగా చూపిస్తుంది. పీడీఎఫ్ తెరిచి ఉండగా పై మెనూలో కాంట్రాస్ట్ పెంచితే కాగితం తెల్లబడి అక్షరం నల్లబడుతుంది. పాత పేజీ నీడ కొత్త పేజీ మీద కనిపిస్తుంటే, ప్రతి పేజీకీ తెర శుభ్రం చేసే సెట్టింగు వేయండి. ఒక్క క్షణం తెర నల్లగా మెరుస్తుంది, తర్వాత శుభ్రం.

నాలుగోది పది అంగుళాల ఈ-ఇంక్, పెన్నుతో. మొత్తం నాలుగింటిలో స్కాన్ కథలకి ఇదే నాకు బాగా నచ్చింది. చుక్క పరీక్ష నెగ్గింది. వేలికి బదులు పెన్నుతో గీస్తే గీత అచ్చం పుస్తకం మీద పెన్సిల్ గీతలా పడుతుంది. మాట పట్టుబడని స్కాను మీద కూడా వాక్యం కింద గీత, పక్క అంచులో నాలుగు మాటలు నా దస్తూరీలోనే రాసుకోవచ్చు. ఈ రకం పలకల్లో చాలా వాటి పెన్నుకి ఛార్జింగ్ కూడా అక్కర్లేదు. ధర మాత్రం గట్టిగానే ఉంటుంది. చాలా వాటి తెర లోపల పలచటి గాజు పలక ఉంటుంది, బస్సు సంచీలో ఒత్తిడి పడితే పగిలిపోవచ్చు. ఫోను తెర పగిలితే ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర గంటలో మార్చి ఇస్తారు. దీనికి ఆ ధీమా లేదు. గట్టి కవరు లేకుండా బయటకి తీయొద్దు.

ఈ రకంలో ఆండ్రాయిడ్ ఉన్నవీ, లేనివీ ఉంటాయి. తెలుగువాళ్ళు ఆండ్రాయిడ్ ఉన్నదే తీసుకోవాలని నా అభిప్రాయం. మన తెలుగు కీబోర్డు, మనకి అలవాటైన యాప్‌లు అందులో వేసుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన రీడర్‌లో తెలుగు సరిగ్గా రాకపోతే వేరే దారి ఉంటుంది.

గీత ఎక్కడ నివసిస్తుంది

ఇదే అసలు విషయం. తెర సంగతి షాపులో చూస్తే తెలుస్తుంది. ఇది రెండేళ్ళ తర్వాత, పోయాక తెలుస్తుంది.

గీత దాచే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి, గీతని ఫైలు లోపలే రాయడం. పీడీఎఫ్ అనే రకం 1993లో వచ్చింది, 2008లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. హైలైట్, నోటు, చేతి గీత ఇవన్నీ ఫైల్లోనే ఎలా దాచాలో ఆ ప్రమాణంలోనే ఉంది. అడోబ్ అక్రోబాట్ రీడర్, జోడో లాంటి యాప్‌లు ఇలాగే చేస్తాయి. ఆ ఫైలు వాట్సాప్‌లో పంపినా, వేరే కంపెనీ ఫోన్లో తెరిచినా గీతలు వెంట వస్తాయి.

రెండు, గీతని యాప్ తన సొంత ఖాతా పుస్తకంలో రాసుకోవడం. ఫైలు ముట్టుకోదు. 'ఫలానా ఫైలు, ఫలానా చోటు, పసుపు రంగు' అని పక్కన రాసుకుంటుంది. చాలా రీడర్ యాప్‌లు ఇంతే, నా గీతలు పోయింది ఇలాగే. ఈపబ్ అయితే దాదాపు అన్ని యాప్‌లూ ఈ పద్ధతే. ఇది తప్పు పద్ధతి అని నేను అనను. పుస్తకం ఫైలు చెక్కుచెదరకుండా ఉంటుంది, పెద్ద స్కాను అయినా గీత చకచకా పడుతుంది. కానీ ఆ ఖాతా పుస్తకానికి నకలు తీసి పెట్టుకోవడం మన బాధ్యత. మూన్ ప్లస్ రీడర్ గూగుల్ డ్రైవ్‌కి నకలు తీయగలదు. రీడ్‌ఎరాలో డబ్బు కట్టిన రకంలో ఆ సదుపాయం ఉంది. కేఓరీడర్ ప్రతి పుస్తకం పక్కనే ఒక చిన్న ఫోల్డర్ పెట్టి అందులో రాసుకుంటుంది, పుస్తకం మార్చినప్పుడు ఆ ఫోల్డర్ కూడా వెంట తీసుకెళ్ళాలి. గూగుల్ ప్లే బుక్స్‌లో మన ఈపబ్ ఎక్కించుకుంటే గీతలు జీమెయిల్ ఖాతాలో ఉంటాయి, ఫోను పోయినా పోవు.

కిండిల్‌ది మరో దారి. గీసిన గీతలు, రాసిన నోట్సు, పెట్టిన బుక్‌మార్కులు అన్నీ తేదీతో సహా 'మై క్లిప్పింగ్స్' అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో కూడా చేరుస్తుంది. కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, డాక్యుమెంట్స్ ఫోల్డర్లో చూస్తే కనిపిస్తుంది. మా మాస్టారికి నెలకోసారి ఆ ఫైలు కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తున్నాను. ఆయన దాన్ని ప్రింటు తీయించుకుని చదువుకుంటారు.

కొనే ముందు, లేదా కొన్న మొదటి వారంలో, చేయవలసిన పరీక్ష ఒకటుంది. ఎందుకూ పనికిరాని ఒక పీడీఎఫ్ తీసుకుని మూడో పేజీలో ఒక గీత గీయండి, ఒక నోటు తెలుగులో రాయండి, ఒక బుక్‌మార్కు పెట్టండి. యాప్ మూసేయండి. ఆ ఫైలుని ఇంకొకరి ఫోనుకి పంపి తెరిపించండి. ఏం వెళ్ళిందో, ఏం వెళ్ళలేదో మీకే తెలుస్తుంది. తెలుగు నోటు డబ్బాలుగా మారిపోయిందా, అది కూడా బయటపడుతుంది. ఐదు నిమిషాల పని. నేను ఇది చేసుంటే నా మూడేళ్ళు నా దగ్గర ఉండేవి.

ఫైలు లోపల రాసే యాప్‌తో కూడా ఒక జాగ్రత్త. పెద్ద స్కాను మీద గీసి వెంటనే యాప్ మూసేయకండి, సేవ్ అయ్యేదాకా ఆగండి. పుస్తకం అసలు కాపీ ఒకటి విడిగా ఉంచుకుని, గీతల కాపీ వేరేగా పెట్టుకోండి. పేరు చివర 'గీతలు' అని చేర్చితే తికమక ఉండదు.

బుక్‌మార్కు అంటే రెండు వేరు వేరు వస్తువులు

పీడీఎఫ్ లోపల విషయసూచికలా ఉండే పట్టికని కూడా బుక్‌మార్కులు అంటారు, మనం పేజీ మూల తట్టి పెట్టుకునే గుర్తుని కూడా బుక్‌మార్కే అంటారు. మొదటిది పుస్తకం తయారుచేసినవాళ్ళు పెడతారు. స్కాన్లలో అది దాదాపు ఉండదు. కాబట్టి రెండో దాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి.

వెతుకులాట పనిచేయని తెలుగు స్కానుకి బుక్‌మార్కే అకారాది సూచిక. కథల సంపుటం తెరవగానే ఒక పది నిమిషాలు పెట్టి ప్రతి కథ మొదటి పేజీకి బుక్‌మార్కు పెట్టి, దానికి కథ పేరు రాసుకుంటాను. పేరు రాసుకోనివ్వని యాప్ అయితే అది నాకు వద్దు. 'పేజీ 43, పేజీ 61' అని వరస కనిపిస్తే ఆర్నెల్ల తర్వాత ఏది ఏమిటో ఎవరికి గుర్తుంటుంది?

అచ్చు పేజీ సంఖ్య, ఫైలు పేజీ సంఖ్య ఒకటి కావు. అట్ట, ముందుమాట, విషయసూచిక కలిపి పదహారు పేజీలు ఉంటే పుస్తకంలో 1వ పేజీ ఫైల్లో 17వది. ఆ తేడా 16 అని మొదటి బుక్‌మార్కు పేరులోనే రాసి పెట్టుకోండి. ఎవరైనా 'అరవయ్యో పేజీ చూడండి' అంటే 76కి వెళ్తే సరి. ఈపబ్‌లో అయితే అక్షరం సైజు మారితే పేజీ సంఖ్యే మారిపోతుంది, అక్కడ పేజీ లెక్క పట్టుకోకండి, బుక్‌మార్కునే పట్టుకోండి.

డీఎస్సీ, గ్రూప్స్ చదివే పిల్లలకి ఒక మాట. ఒకే పీడీఎఫ్ టెలిగ్రామ్‌లో ఒకసారి, వాట్సాప్‌లో ఒకసారి వస్తుంది. రెండూ ఫోన్లో చేరతాయి, రెండో దాని పేరు చివర 1 అని ఉంటుంది. ఒకరోజు ఇందులో, ఇంకోరోజు అందులో చదివి గుర్తులు పెడతారు. తర్వాత సగం గుర్తులు పోయాయి అనుకుంటారు. పోలేదు, కవల ఫైల్లో ఉన్నాయి. ఫైలు రాగానే పేరు మార్చి ఒక ఫోల్డర్లో పెట్టి, రెండోది తీసేయండి. చదవడం మొదలుపెట్టాక మాత్రం పేరు, చోటు మార్చకండి. కొన్ని యాప్‌లు ఫైలుని దాని దారిని బట్టే గుర్తుపడతాయి. దారి మారితే గుర్తులు విడిపోతాయి.

ఎవరికి ఏది

పరీక్షలకి చదివేవాళ్ళు, రంగులు, రెండు భాషల పేజీలు కావలసినవాళ్ళు పెన్నుతో వచ్చే పది అంగుళాల ట్యాబ్ తీసుకోండి, గీతలకి ఫైలు లోపల రాసే యాప్ వాడండి. మొదటి పరికరం ఏది అని అడిగితే చాలామందికి నా జవాబు ఇదే, ఎందుకంటే ఇంట్లో వేరేవాళ్ళకి కూడా పనికొస్తుంది. ఎక్కువగా ఈపబ్బులు, 1/8 డెమీ పుస్తకాలు చదివే పెద్దవాళ్ళకి, వెలుగు పడనివాళ్ళకి ఏడంగుళాల ఈ-ఇంక్. రోజూ రెండు గంటలు స్కాన్లే చదివి, చేత్తో రాసుకునేవాళ్ళు, డబ్బు పెట్టగలిగితే ఆండ్రాయిడ్ ఉన్న పది అంగుళాల ఈ-ఇంక్. పెట్టలేకపోతే దాని కోసం అప్పు చేయొద్దు. చిన్న కథలయితే స్కాను పేజీలని గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మార్చి ఇస్తుంది. తప్పులు వస్తాయి, అసలుతో పోల్చి దిద్దుకోవాలి. దిద్దడంలో కథ రెండోసారి చదివినట్టవుతుంది. ఆ తర్వాత ఎంత చిన్న ఫోన్లో అయినా పెద్ద అక్షరాలతో చదువుకోవచ్చు.

నేను ట్యాబే కొన్నాను. పోయిన గీతలు మళ్ళీ గీస్తున్నాను, ఈసారి ఫైలు లోపల. అన్నీ గుర్తు రావు. కొన్నిచోట్ల ఎందుకు ఆగానో కూడా గుర్తు లేదు, కొన్నిచోట్ల వెంటనే గుర్తొస్తుంది. మొన్న ఆదివారం మొదట పూర్తయిన కథని మా మేనకోడలికి వాట్సాప్‌లో పంపాను, ఏమీ చెప్పలేదు. అరగంటకి ఫోన్ చేసింది.

"మావయ్యా, పదకొండో పేజీలో పసుపు గీత ఉంది. పక్కన 'మా అమ్మమ్మ ఇలాగే అనేది' అని రాసుంది. నువ్వే రాశావా?"